డెబియన్‌లో థింక్‌ప్యాడ్ ఎక్స్270 లోపలి 4జీ మోడెమ్: కనిపిస్తోంది గానీ కలవడం లేదు

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంతవరకు ముందుగా చెబుతాను, పొరపాటుంటే సరిదిద్దండి. ఒకప్పుడు అమెరికాలో ఏదో కంపెనీ వాడి వదిలేసిన థింక్‌ప్యాడ్ ఎక్స్270ను మీరు హైదరాబాదులో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. దానిలో డెబియన్ 12 అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్నారు, జియో సిమ్ పెట్టారు. సెట్టింగ్స్‌లో మొబైల్ నెట్‌వర్క్ అనే పేజీ కనిపిస్తోంది, కానీ అక్కడి మీటను ఆన్ చేసిన రెండు క్షణాలకే అది తనంతట తానే ఆఫ్ అయిపోతోంది. యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండ్ ఇస్తే 1199:9079 అనే సంఖ్యతో సియెర్రా వైర్‌లెస్ ఈఎం7455 మోడెమ్ కార్డు కనబడుతోంది, లాగ్‌లో మాత్రం ‘ఇన్‌వ్యాలిడ్ ట్రాన్సిషన్’ అన్న మాట పదేపదే వస్తోంది. ఈ కార్డుకు లినక్స్ డ్రైవర్ (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) ఎక్కడ దొరుకుతుందని మీరు అడిగారు.

డ్రైవర్ కోసం వెతకకండి. అది మీ దగ్గర ఇప్పటికే ఉంది, పనిచేస్తోంది కూడా. లేకపోతే సెట్టింగ్స్‌లో ఆ పేజీయే కనిపించేది కాదు. మీ మోడెమ్‌లో రేడియోకు మాత్రం తాళం వేసి ఉంది, ఆ తాళం తీయమని మీ కంప్యూటర్ ఇంకా అడగలేదు. ఆ పని అయిదు నిమిషాలది. అయితే ఆ అయిదు నిమిషాలకు ముందు చూసుకోవలసినవి, తరువాత ఎదురయ్యేవి కొన్ని ఉన్నాయి కనుక సమాధానం కొంచెం పెద్దదవుతుంది. కమాండ్ల పేర్లను నేను తెలుగు లిపిలోనే రాస్తున్నాను, టెర్మినల్‌లో వాటిని ఇంగ్లీషు అక్షరాలలో టైపు చేసుకోవాలి.

లాప్‌టాప్ లోపలి మోడెమ్ అనగానే మనవాళ్లు డ్రైవర్ గురించి అడగడానికి కారణం ఉంది. టెలిఫోన్ తీగ మీద 56 కేబీపీఎస్ వేగంతో ఇంటర్నెట్ వాడిన రోజుల్లో లాప్‌టాప్‌లలో వచ్చినవి ఎక్కువగా ‘విన్‌మోడెమ్’లు. శబ్దాన్ని అంకెలుగా, అంకెలను శబ్దంగా మార్చే అసలు పనిని ఆ కార్డు చేసేది కాదు, ఖర్చు తగ్గించడం కోసం ఆ పని మొత్తాన్నీ విండోస్‌లోని డ్రైవర్ మీదకూ, కంప్యూటర్ ప్రాసెసర్ మీదకూ నెట్టేశారు. అంటే డ్రైవరే మోడెమ్. ఆ డ్రైవర్ సోర్సును తయారీదారులు బయటపెట్టేవారు కాదు కనుక లినక్స్ వాడేవారికి లూసెంట్ కార్డుకు ఒక మూటా, కొనెక్సాంట్ కార్డుకు ఇంకొక మూటా, స్మార్ట్ లింక్ కార్డుకు మరొకటీ కంపైల్ చేసుకోవలసిన గతి పట్టింది. లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్ మారిన ప్రతిసారీ ఆ మూట మళ్లీ విప్పి మళ్లీ కట్టాలి. నేను ఆ రోజుల్లో కెర్నల్ అప్‌డేట్ చేయడానికి భయపడి, నెలల తరబడి పాత కెర్నల్‌తోనే కాలక్షేపం చేసేవాడిని, ఎందుకంటే కొత్త కెర్నల్‌కు సరిపోయే డ్రైవర్‌ను దించుకోవడానికి కావలసిన ఇంటర్నెట్ ఆ మోడెమ్ గుండానే రావాలి. ఆ తరువాత టాటా ఫోటాన్, రిలయన్స్ నెట్‌కనెక్ట్ డాంగిళ్ల కాలంలో డబ్ల్యూవీడయల్, యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అనే రెండు ప్రోగ్రాముల పేర్లు అందరి నోటా నానాయి. ఆ కాలపు సలహాలు ఇంటర్నెట్‌లో ఇంకా అలాగే ఉన్నాయి. మీ కార్డుకు అవేవీ అక్కరలేదు. దయచేసి వాటిని ఇన్‌స్టాల్ చేయవద్దు, ఒకే మోడెమ్ కోసం రెండు ప్రోగ్రాములు పోట్లాడుకుంటే ఏది ఎందుకు ఆగిందో తెలుసుకోవడం కష్టమవుతుంది.

ఈనాటి మోడెమ్ స్వభావం దీనికి పూర్తిగా భిన్నమైనది. మీ ఈఎం7455 లోపల క్వాల్‌కామ్ చిప్ ఉంది, దానికి సొంత ప్రాసెసర్, సొంత జ్ఞాపకశక్తి, సొంత ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్నాయి. 30 మిల్లీమీటర్ల వెడల్పు, 42 మిల్లీమీటర్ల పొడవున్న ఆ ఎం.2 కార్డు తనంతట తానే ఒక చిన్న కంప్యూటర్. టవర్‌తో మాట్లాడే భారమంతా దానిదే, మన కంప్యూటర్ దానితో చేసేది ఉత్తరప్రత్యుత్తరాలు మాత్రమే. ఆ ఉత్తరాల భాషలు ప్రధానంగా రెండు: క్వాల్‌కామ్ వారి క్యూఎంఐ, యూఎస్‌బీ ప్రమాణాల సంస్థ రూపొందించిన ఎంబీఐఎం. మొదటిది మాట్లాడే డ్రైవర్ లినక్స్ కెర్నల్ 3.4లోనూ, రెండవది మాట్లాడే డ్రైవర్ 3.8లోనూ చేరాయి. డెబియన్ 12 కెర్నల్ 6.1 కనుక మీ దగ్గర రెండూ ఉన్నాయి. కెర్నల్ పైన మోడెమ్‌మేనేజర్ అనే సేవ ఆ ఉత్తరాలు రాస్తుంది, దాని పైన నెట్‌వర్క్‌మేనేజర్ ఏ ఏపీఎన్‌తో, అంటే మొబైల్ కంపెనీ డేటా ద్వారం పేరుతో, కలవాలో చెబుతుంది, అన్నిటికన్నా పైన మీరు చూసే సెట్టింగ్స్ పేజీ ఉంటుంది. పై అంతస్తులో మీట ఆఫ్ అయినంత మాత్రాన తప్పు పై అంతస్తులో ఉన్నట్టు కాదు. పునాది నుంచి పైకి చూసుకుంటూ రావాలి, ఒక్కొక్క అంతస్తు సరిగ్గా ఉందని తేలిన తరువాతే తరువాతి అంతస్తుకు వెళ్లాలి.

మీ విషయంలో పునాది గట్టిగానే ఉంది, అయినా ఇదే మోడల్ కొన్న వేరొకరు ఇది చదవవచ్చు కనుక ఒక మాట. లాప్‌టాప్‌కు సిమ్ పెట్టే చోటు ఉన్నంత మాత్రాన లోపల మోడెమ్ ఉన్నట్టు కాదు. ఒకే బయటి పెట్టెను తయారీదారులు మోడెమ్ ఉన్న యంత్రాలకూ, లేని యంత్రాలకూ వాడతారు, అమ్మే దుకాణంవారు ఆ చోటును చూపించి ‘సిమ్ సపోర్టు ఉంది’ అంటారు. ఎల్ఎస్‌యూఎస్‌బీలో గానీ ఎల్ఎస్‌పీసీఐలో (పీసీఐ పరికరాల జాబితా చూపే కమాండ్) గానీ మోడెమ్ పేరు కనబడకపోతే, అడుగు మూత తెరిచి చూడవలసిందే. కార్డు లేకపోతే ఆ స్లాటు దగ్గర యాంటెనా తీగలైనా ఉన్నాయో లేదో చూడాలి. థింక్‌ప్యాడ్‌లలో ఈ మోడెమ్‌కు వచ్చే తీగలు ఎరుపు, నీలం రంగుల్లో ఉంటాయి: ఎరుపు ప్రధానమైనది, నీలం సహాయకమైనది. బూడిద, నలుపు రంగు తీగలు వైఫైవి, వాటిని కదిలించకూడదు. ఎరుపు, నీలం తీగలు లేని యంత్రంలో మోడెమ్ పెట్టుకోవడమంటే తెర చట్రం విప్పి యాంటెనాలు వేయడం, ఆ పని చేయడం కన్నా మోడెమ్ ఉన్న యంత్రాన్ని వెతుక్కోవడం నయం.

ఇక తాళం దగ్గరికి వచ్చే ముందు, తాళంలా కనిపించే మరొక అడ్డంకిని తొలగించుకోవాలి. థింక్‌ప్యాడ్ కీబోర్డు పై వరుసలో విమానం బొమ్మ గానీ యాంటెనా బొమ్మ గానీ ఉన్న మీట వైర్‌లెస్ అంతటినీ ఆపుతుంది. యంత్రం ఆన్ కాగానే నడిచే మూల సాఫ్ట్‌వేర్ అయిన బయోస్‌లో కూడా సెక్యూరిటీ అనే విభాగంలో, ఐ/ఓ పోర్ట్ యాక్సెస్ కింద, వైర్‌లెస్ వాన్ (మొబైల్ నెట్‌వర్క్ మోడెమ్) అనే వరుస ఉంటుంది, కంపెనీలలో వాడిన యంత్రాలలో దానిని నిలిపివేసి ఉంచడం నేను ఒకటికి రెండుసార్లు చూశాను. బయోస్‌లో నిలిపివేస్తే కార్డు అసలు కనబడదు కనుక మీ యంత్రంలో ఆ సమస్య లేదు. ఏ రేడియో ఆపివేసి ఉందో చూపే ఆర్ఎఫ్‌కిల్ కమాండ్‌కు లిస్ట్ అని జతచేసి అడిగితే ‘టీపీఏసీపీఐ డబ్ల్యూవాన్’ అనే పేరుతో ఒక వరుస వస్తుంది. దాని ఎదురుగా రెండు చోట్లా ‘నో’ అని ఉండాలి.

ఇప్పుడు అసలు పరీక్ష. డెబియన్‌లో లిబ్‌ఎంబీఐఎం-యుటిల్స్, లిబ్‌క్యూఎంఐ-యుటిల్స్ అనే రెండు ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసుకోండి. ఈ రెండవ ప్యాకేజీ పేరు గుర్తుపెట్టుకోండి, దాని అవసరం కింద మళ్లీ వస్తుంది. మీ మోడెమ్ ఎంబీఐఎం పద్ధతిలో నడుస్తుంటే, మొదటి ప్యాకేజీతో వచ్చే ఎంబీఐఎంసీఎల్ఐ అనే పనిముట్టుకు మోడెమ్ కంట్రోల్ పోర్టు పేరు ఇచ్చి రేడియో స్థితిని అడగవచ్చు. పోర్టు పేరు సాధారణంగా సీడీసీ-డబ్ల్యూడీఎం0 అని ఉంటుంది. మోడెమ్‌మేనేజర్ అదే పోర్టును అప్పటికే పట్టుకొని ఉంటుంది కనుక ప్రాక్సీ (మధ్యవర్తి) ద్వారా తెరవమనే ఐచ్ఛికాన్ని తప్పక జతచేయాలి. జవాబులో రెండు వరుసలు ఉంటాయి: హార్డ్‌వేర్ రేడియో స్థితి, సాఫ్ట్‌వేర్ రేడియో స్థితి. హార్డ్‌వేర్ స్థితి ఆఫ్ అని వస్తే కీబోర్డు మీట గానీ కార్డుకు వెళ్లే రేడియో ఆపు తీగ గానీ కారణం, అప్పుడు పై పేరాకు తిరిగి వెళ్లాలి. హార్డ్‌వేర్ ఆన్ అని ఉండి, సాఫ్ట్‌వేర్ ఆఫ్ అని ఉండి, దానిని ఆన్ చేయమని ఎన్నిసార్లు అడిగినా ఆఫ్‌లోనే ఉండిపోతుంటే అది తాళమే. మీ లాగ్‌లోని ‘ఇన్‌వ్యాలిడ్ ట్రాన్సిషన్’ అన్న మాటకు అర్థం కూడా ఇదే: నిద్ర స్థితి నుంచి పని స్థితికి రమ్మని మోడెమ్‌మేనేజర్ అడిగింది, రానని మోడెమ్ చెప్పింది.

ఈ తాళాన్ని ఎఫ్‌సీసీ లాక్ అంటారు. ఎఫ్‌సీసీ అంటే అమెరికాలో రేడియో తరంగాల వాడకాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ. లాప్‌టాప్‌ను మనిషి ఒళ్లో పెట్టుకుంటాడు, యాంటెనా శరీరానికి దగ్గరగా ఉంటుంది, కాబట్టి శరీరం పీల్చుకునే రేడియో శక్తి హద్దు దాటకూడదన్నది నియమం. ఆ శక్తి మోడెమ్ ఒక్కదాని మీదే ఆధారపడదు, ఏ లాప్‌టాప్‌లో, ఏ యాంటెనాతో, శరీరానికి ఎంత దూరంలో పెట్టారన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. అందుకని ఆమోదం మోడెమ్‌కూ లాప్‌టాప్‌కూ జంటగా లభిస్తుంది. ఆ జంట విడిపోలేదని నిర్ధారించుకోవడానికి తయారీదారులు మోడెమ్‌ను మూగగా పంపుతారు: తాను ఉండవలసిన లాప్‌టాప్‌లోనే ఉన్నానని ఎవరో ఒకరు చెప్పేవరకు రేడియో తెరుచుకోదు. విండోస్‌లో తయారీదారు డ్రైవర్ ఆ మాటను చడీచప్పుడు లేకుండా చెబుతుంది. అందుకే ‘విండోస్‌లో బాగానే పనిచేస్తోంది, లినక్స్‌లోనే రావడం లేదు’ అన్న ఫిర్యాదు పుడుతుంది, అందుకే మనం మళ్లీ డ్రైవర్ మీద అనుమానపడతాం.

దీనిలో ఇంకొక మెలిక ఉంది. పాత మోడెమ్‌మేనేజర్ ఆ మాటను తానే చెప్పేసేది. 1.18.4 విడుదల నుంచి ఆ అలవాటు మానుకుంది. తాళం తీసే చిన్న స్క్రిప్టులను తనతోపాటే ఇస్తుంది గానీ, వాటిని వాడాలా వద్దా అన్న నిర్ణయాన్ని, దానితోపాటు బాధ్యతనూ, యంత్రం యజమానికి వదిలేసింది. డెబియన్ 12లో ఉన్నది 1.20 తరం కనుక ఈ మార్పు మీకు వర్తిస్తుంది. డెబియన్ 11లో ఏ ఇబ్బందీ లేకుండా నడిచిన మోడెమ్ 12కు మారగానే మూగబోయిందని నన్ను ముగ్గురు అడిగారు, ముగ్గురి కథా ఇదే. ఈ నిర్ణయాన్ని తిట్టుకునేవారు ఉన్నారు. నా అభిప్రాయంలో అది సరైనదే: ఎవరో ఇంట్లో కూర్చొని రాసిన ఒక సేవ, ప్రపంచంలోని ప్రతి లాప్‌టాప్ తరఫునా ‘ఈ జంట ఆమోదం పొందినదే’ అని హామీ పత్రం మీద సంతకం చేయడం భావ్యం కాదు. కాకపోతే, మీట మళ్లీ ఆఫ్ అయిపోవడానికి బదులు ‘రేడియోకు తాళం ఉంది’ అన్న ఒక్క వాక్యాన్ని తెర మీద చూపించి ఉంటే ఎంతో మంది సాయంకాలాలు మిగిలేవి.

తాళం తీసే పద్ధతి చెబుతాను. మోడెమ్‌మేనేజర్ తన ఫైళ్లను ఉంచుకునే చోట, అంటే యూఎస్ఆర్ కింద షేర్‌లో మోడెమ్‌మేనేజర్ ఫోల్డర్‌లో, ‘ఎఫ్‌సీసీ-అన్‌లాక్ డాట్ అవైలబుల్’ అని మొదలయ్యే ఒక ఫోల్డర్ ఉంటుంది. దానిలోని స్క్రిప్టుల పేర్లు మోడెమ్‌ల గుర్తింపు సంఖ్యలే. మీది సరిగ్గా 1199:9079 అన్న పేరుతో ఉంటుంది. ఈటీసీ కింద మోడెమ్‌మేనేజర్ ఫోల్డర్‌లో ‘ఎఫ్‌సీసీ-అన్‌లాక్ డాట్ డీ’ అనే మరొక ఫోల్డర్ ఉంటుంది, ఖాళీగా. రూట్ (నిర్వాహకుడి) అధికారంతో, ఎల్‌ఎన్ కమాండ్‌కు ఎస్ ఐచ్ఛికం ఇచ్చి, మొదటి ఫోల్డర్‌లోని ఆ ఒక్క స్క్రిప్టుకు రెండవ ఫోల్డర్‌లో అదే పేరుతో ఒక లింకు సృష్టించండి. అన్ని స్క్రిప్టులకూ ఒకేసారి లింకులు పెట్టమని చెప్పేవారున్నారు. మీ యంత్రంలో ఉన్నది ఒక్క మోడెమ్, ఒక్క లింకు చాలు. ఆ తరువాత సేవలను నడిపే సిస్టమ్‌సీటీఎల్ కమాండ్‌తో మోడెమ్‌మేనేజర్ సేవను తిరిగి ప్రారంభించి, ఒక అర నిమిషం ఆగి, మీటను ఆన్ చేయండి. స్క్రిప్టును మీరు చేతితో నడపనక్కరలేదు, రేడియో తెరవవలసినప్పుడు మోడెమ్‌మేనేజరే దానిని పిలుస్తుంది. కరెంటు తీసేసిన ప్రతిసారీ ఈ కార్డు మళ్లీ తాళం వేసుకుంటుంది కనుక లింకును అలాగే ఉంచాలి.

ఇక్కడ జనం తట్టుకొని పడే రాళ్లు రెండు. మొదటిది, పైన గుర్తుపెట్టుకోమన్న లిబ్‌క్యూఎంఐ-యుటిల్స్. ఈ స్క్రిప్టు తన పనిని క్యూఎంఐసీఎల్ఐ అనే పనిముట్టుతో చేయిస్తుంది, అది ఆ ప్యాకేజీలో ఉంటుంది, ప్యాకేజీ లేకపోతే స్క్రిప్టు విఫలమవుతుంది, మీకు మాత్రం పాత ‘ఇన్‌వ్యాలిడ్ ట్రాన్సిషన్’ మాటే మళ్లీ కనబడుతుంది. రెండవది, స్క్రిప్టును ఇంటర్నెట్ నుంచి దించుకొని తమ హోమ్ ఫోల్డర్‌లో పెట్టి దానికి లింకు పెట్టడం. స్క్రిప్టు రూట్‌కు చెందినది కాకపోయినా, ఇతరులు మార్చగలిగేలా ఉన్నా మోడెమ్‌మేనేజర్ దానిని నడపడానికి ఒప్పుకోదు. అది మన భద్రత కోసమే. రూట్ అధికారంతో నడిచే స్క్రిప్టును ఎవరు పడితే వారు మార్చగలిగితే యంత్రం మొత్తం వారి చేతికి పోయినట్టే.

తాళం తీయడంలో తప్పుందా అని చాలామంది సంకోచిస్తారు. మీ కార్డు లెనోవో కోసం తయారైనది, మీ యంత్రం లెనోవోది, ఆ కార్డు ఆ తరం థింక్‌ప్యాడ్‌లకు కంపెనీ తానే అమ్మినది. విండోస్ చెప్పే మాటనే మీరు డెబియన్ చేత చెప్పిస్తున్నారు. వేరే చోట నుంచి తెచ్చిన కార్డును వేరే కంపెనీ లాప్‌టాప్‌లో పెట్టి తాళం తీసేవారి సంగతి వేరు, అక్కడ యాంటెనా, దూరం, శక్తి ఏవీ ఎవరూ కొలవలేదు.

రేడియో తెరుచుకున్న తరువాత మోడెమ్‌మేనేజర్‌ను ప్రశ్నించే ఎంఎంసీఎల్ఐ కమాండ్‌కు ఎం ఐచ్ఛికంతో మోడెమ్ వరుస సంఖ్య ఇచ్చి అడిగితే స్థితి ‘సెర్చింగ్’ నుంచి ‘రిజిస్టర్డ్’కు వెళ్లడం చూస్తారు. వెళ్లకపోతే సిమ్ వైపు చూడాలి. కొత్త సిమ్‌ను నేరుగా లాప్‌టాప్‌లో పెట్టవద్దు, ముందు ఫోన్‌లో వేసి, అది క్రియాశీలమై డేటా వస్తోందని చూసుకొని ఆ తరువాతే మార్చండి. సిమ్‌కు పిన్ ఉంటే ఫోన్‌లోనే తీసేయడం సులువు, మూడుసార్లు తప్పు పిన్ ఇస్తే పీయూకే అనే విడుదల కోడు అడుగుతుంది. ఇంకొక మాట: ఈ తరం థింక్‌ప్యాడ్‌లకు మైక్రో సిమ్ చట్రం ఉంటుంది, మన చేతిలో ఉండేవి నానో సిమ్‌లు. అడుగు లేని ప్లాస్టిక్ అడాప్టర్‌లో నానో సిమ్‌ను పెట్టి దూరిస్తే, బయటికి తీసేటప్పుడు అడాప్టర్ అంచు లోపలి తీగ ముళ్లకు తగులుకుంటుంది. నేను అలా ఒక స్లాటును పాడుచేసుకున్నాను. అడాప్టర్‌లో సిమ్ వదులుగా ఉంటే వెనక సన్నని టేపు అంటించి గట్టిపరచండి, ఇరుక్కుంటే లాగవద్దు.

ఏపీఎన్ విషయం చిన్నదే. జియోకు జియోనెట్, బీఎస్ఎన్ఎల్‌కు బీఎస్ఎన్ఎల్‌నెట్, ఎయిర్‌టెల్‌కు ఎయిర్‌టెల్‌జీపీఆర్ఎస్ డాట్ కామ్. యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఖాళీగా వదలాలి. సెట్టింగ్స్ పేజీ దేశాన్ని, కంపెనీని అడిగి ఏపీఎన్‌ను తానే నింపుతుంది గానీ కొన్నిసార్లు పాత పేరును నింపుతుంది, ఒకసారి కళ్లతో చూసుకోండి. ఇంటర్నెట్ చిరునామాల రెండు పద్ధతులలో ఐపీవీ4ను మాత్రమే ఎంచుకొని ఐపీవీ6ను ఆపవద్దు. జియో నెట్‌వర్క్ ఐపీవీ6ను విస్తృతంగా వాడుతుంది, రెండింటినీ తెరిచి ఉంచితే దేనిని ఇవ్వాలో అదే ఇస్తుంది. ఇంటి నుంచి ఈ లాప్‌టాప్‌లోకి దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్‌తో రావాలనుకుంటే మాత్రం నిరాశే ఎదురవుతుంది, మొబైల్ కంపెనీలు ఇచ్చే ఐపీవీ4 చిరునామాను ఎందరో పంచుకుంటారు, బయటి నుంచి దానికి దారి ఉండదు.

మీ యంత్రం అమెరికా నుంచి వచ్చిందన్నారు కనుక రెండు విషయాలు ప్రత్యేకంగా చెప్పాలి. ఈ కార్డు లోపలి సాఫ్ట్‌వేర్ అయిన ఫర్మ్‌వేర్‌తోపాటు మొబైల్ కంపెనీలకు తగిన సెట్టింగుల మూటలు కూడా ఉంటాయి: వెరైజాన్‌కు ఒకటి, ఏటీ అండ్ టీకి ఒకటి, ఎవరికైనా పనికివచ్చే జెనెరిక్ ఒకటి. ఇంతకుముందు వాడిన కంపెనీ వెరైజాన్ మూటను ఎంచుకొని ఉంటే, ఇక్కడి సిమ్‌తో మోడెమ్ వెతుకుతూనే ఉండిపోవచ్చు, లేదా కలిసినా ఏపీఎన్ దగ్గర పేచీ పెట్టవచ్చు. ఎంఎంసీఎల్ఐ జవాబులో ‘క్యారియర్ కాన్ఫిగ్’ అన్న వరుస ఉంటే అక్కడ ఏ మూట ఉందో తెలుస్తుంది. ఈ కార్డుకు ఏటీ కమాండ్ల (మోడెమ్‌కు నేరుగా ఇచ్చే ఆదేశాల) పోర్టు ఉంటుంది, దాని ద్వారా ఐఎంప్రెఫ్ అనే కమాండ్‌తో జెనెరిక్‌కు మార్చవచ్చు. నెట్‌వర్క్ సజావుగా దొరుకుతుంటే ఈ పని జోలికి పోకండి. ఫర్మ్‌వేర్‌ను కొత్తది చేయాలన్న ఉబలాటాన్ని కూడా అదుపులో పెట్టుకోండి, క్యూఎంఐ-ఫర్మ్‌వేర్-అప్‌డేట్ అనే పనిముట్టు చక్కగానే పనిచేస్తుంది గానీ మధ్యలో కరెంటు పోతే కార్డు ఇటుకరాయి అవుతుంది.

రెండవ విషయం ఎక్కువ ముఖ్యమైనది, దీనికి సాఫ్ట్‌వేర్‌లో మందు లేదు. ఈఎం7455 ప్రధానంగా అమెరికా, ఐరోపాల కోసం తయారైన కార్డు. బ్యాండ్లంటే రేడియో తరంగాల పరిధులు; దానికి బ్యాండ్ 1, 3, 5, 7 ఉన్నాయి, 41 కూడా ఉంది, కానీ బ్యాండ్ 40 లేదు, బ్యాండ్ 8 లేదు, 28 లేదు. మన దేశంలో జియో 4జీ నడిచేది 850 మెగాహెర్ట్జ్‌లో బ్యాండ్ 5, 1800లో బ్యాండ్ 3, 2300లో బ్యాండ్ 40 మీద. ఎయిర్‌టెల్ కూడా 2300ను, 900లో బ్యాండ్ 8ను వాడుతుంది, బీఎస్ఎన్ఎల్ 4జీకి 700లో బ్యాండ్ 28 ఉంది. నగరంలో ఎక్కువ మందిని మోసేది వెడల్పైన ఆ 2300 దారి. అది మీ కార్డుకు కనబడదు కనుక, ఒకే గదిలో మీ ఫోన్‌కు 40 ఎంబీపీఎస్ వస్తుంటే లాప్‌టాప్‌కు 8 రావచ్చు. అప్పుడు లినక్స్‌ను నిందించకండి, విండోస్‌లోనూ అంతే వస్తుంది. ఊళ్లల్లో టవర్ దూరంగా ఉన్నచోట బ్యాండ్ 5 మీద ఈ తేడా అంతగా తెలియదు. వేగం నిజంగా ముఖ్యమనుకుంటే ఇదే కుటుంబంలో ఆసియా కోసం తయారైన ఈఎం7430 ఉంది, దానికి 3, 5, 8, 28, 40, 41 అన్నీ ఉన్నాయి, అదే స్లాటులో కూర్చుంటుంది. పాత కార్డులు అమ్మేచోట కొనేటప్పుడు లేబుల్ మీది సంఖ్యను మీ కళ్లతో చదవండి, రెండూ చూడడానికి కవలపిల్లల్లా ఉంటాయి. కార్డు మారితే గుర్తింపు సంఖ్య కూడా మారవచ్చు, అప్పుడు లింకు ఏ స్క్రిప్టుకు పెట్టాలో ఎల్ఎస్‌యూఎస్‌బీ చూసి నిర్ణయించుకోవాలి. ఇంకా పాత థింక్‌ప్యాడ్‌లలో పరాయి కార్డు పెడితే ‘1802’ అనే సంఖ్యతో అనుమతి లేని నెట్‌వర్క్ కార్డు అంటూ బయోస్ మొదట్లోనే ఆగిపోయేది, కొనేముందు మీ మోడల్‌లో ఆ కార్డు పెట్టినవారి అనుభవం వెతికి చూసుకోండి.

సంకేతం ఎంత బాగుందో గీతలను చూసి నమ్మకండి. ఎంఎంసీఎల్ఐలో సిగ్నల్-సెటప్ ఐచ్ఛికానికి పది సెకన్ల విరామం ఇచ్చి, తరువాత సిగ్నల్-గెట్‌తో అడిగితే టవర్ సంకేతం బలాన్ని చెప్పే ఆర్ఎస్ఆర్‌పీ అనే సంఖ్య వస్తుంది. మైనస్ 80 డీబీఎం చుట్టుపక్కల ఉంటే చాలా బాగున్నట్టు, మైనస్ 110 దాటి కిందికి పోతే కిటికీ దగ్గరికి జరగాలి. కార్డు మార్చిన తరువాత ఒక్కసారిగా పడిపోతే యాంటెనా తీగ సరిగ్గా నొక్కుకోలేదని అర్థం. ఆ చిన్న గుండీలు వేలి గోటితో నొక్కినప్పుడు టిక్కుమనాలి.

మూత మూసి తెరిచిన తరువాత మోడెమ్ మాయం కావడం ఈ యంత్రాల్లో తరచుగా వినిపించే రెండవ ఫిర్యాదు. మీరు బ్యాటరీ ఆదా కోసం టీఎల్‌పీ అనే ప్రోగ్రామును వాడుతుంటే, దాని సెట్టింగుల ఫైలులో యూఎస్‌బీ ఎక్స్‌క్లూడ్ డబ్ల్యూవాన్ అన్న వరుసకు 1 ఇవ్వండి, మోడెమ్‌ను నిద్రపుచ్చడం ఆపుతుంది. దానితోనూ కుదరకపోతే మోడెమ్‌మేనేజర్‌ను ‘టెస్ట్-క్విక్-సస్పెండ్-రెజ్యూమ్’ అనే ఐచ్ఛికంతో నడిపి చూడండి. అదీ కాకపోతే నిద్ర లేచిన తరువాత సేవను ఒకసారి తిరిగి ప్రారంభించడమే నేను ఇప్పటికీ చేస్తున్న పని, అందంగా లేకపోయినా పని జరుగుతుంది.

ఎక్స్270 కాక దాని తరువాతి తరం యంత్రాలు ఉన్నవారికి రెండు ముక్కలు. టీ480 వంటివాటిలో వచ్చిన ఫిబోకామ్ ఎల్850-జీఎల్ కార్డు యూఎస్‌బీలో కాక పీసీఐఈలో, 8086:7360 అనే సంఖ్యతో కనబడుతుంది. నిజంగా డ్రైవర్ కష్టం ఉన్న కార్డు అది. దానికి ఇంటెల్ డ్రైవర్ కెర్నల్ 5.18లో చేరినా, అది మాట్లాడే సొంత భాష వల్ల డెబియన్ 12లో అది దానంతట అది కలవదు, అభిమానులు రాసిన వేరే డ్రైవర్‌ను కంపైల్ చేసుకోవాలి, పాత విన్‌మోడెమ్ మూటల రోజులు గుర్తుకొస్తాయి. బేరం ఇంకా కుదరకపోతే ఆ కార్డు ఉన్న యంత్రాన్ని మోడెమ్ కోసం కొనవద్దని నా సలహా. మరీ కొత్త థింక్‌ప్యాడ్‌లలోని కొన్ని క్వెక్టెల్, ఫిబోకామ్ కార్డులకు తాళం తీసే ప్రోగ్రామును లెనోవో తానే లినక్స్ కోసం విడుదల చేసింది, దానిలో కొంత భాగం సోర్సు లేని బైనరీ. ఉచిత సాఫ్ట్‌వేరే వాడాలన్న పట్టుదల ఉన్నవారు ఆ సంగతి తెలుసుకొని వాడాలి.

లింకు పెట్టి, ప్యాకేజీ వేసి, సేవను తిరిగి ప్రారంభించిన తరువాత కూడా మీట ఆన్‌లో నిలవకపోతే, మోడెమ్‌మేనేజర్‌ను డీబగ్ స్థాయిలో నడిపి, మీటను ఒకే ఒక్కసారి ఆన్ చేసి, ఆ ఒక్క నిమిషపు లాగ్‌ను, ఎంఎంసీఎల్ఐ ఇచ్చిన జవాబును, రేడియో స్థితి రెండు వరుసలను ఇక్కడ పెట్టండి. ఎంఎంసీఎల్ఐ జవాబులో ‘ఎక్విప్‌మెంట్ ఐడీ’ అని కనిపించేది మీ మోడెమ్ ఐఎంఈఐ, ‘ఓన్’ అన్న చోట ఉండేది మీ ఫోన్ నంబరు. పెట్టేముందు ఆ రెండింటినీ, లాగ్‌లో ఐఎంఎస్ఐ (సిమ్ గుర్తింపు సంఖ్య) కనబడితే దానినీ చెరిపేయండి.